ఆఖెన్‌లో ఆదివారం గ్రాండ్ ప్రి టికెట్ దొరికింది, గుర్రాల ఆటలో ఓనమాలు కూడా రావు. ఏం చూడాలి?

విభాగం: జర్మనీలో మనవాళ్లు › ఆటలు, తిరుగుళ్లు

కూకట్‌పల్లి_కుర్రాడు · 26 జూన్ 2023

అందరికీ నమస్కారం. ఆఖెన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మా ల్యాబ్‌లో పనిచేసే జర్మన్ ఆవిడకి ఈ ఆదివారం ఇంట్లో ఏదో పని పడిందట, తన దగ్గరున్న సీహెచ్ఐఓ (ఈ ఊళ్లో జరిగే పెద్ద గుర్రాల పోటీలు) టికెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "రోలెక్స్ గ్రాండ్ ప్రి" అని రాసుంది. షో జంపింగ్ అట, గుర్రాలు అడ్డంకుల మీంచి దూకే ఆట. నేను మొహమాటపడుతుంటే "ఈ ఊళ్లో ఉండి ఇది చూడకపోతే డిగ్రీ ఇవ్వరు" అని నవ్వింది.

గుర్రాలతో నా పరిచయం పెళ్లి బరాత్‌ల దాకానే. యూట్యూబ్‌లో చూశాను. గుర్రం వస్తుంది, దూకుతుంది, వెళ్లిపోతుంది. తర్వాత ఇంకోటి. నలభై గుర్రాలు ఇదే పని చేస్తుంటే మధ్యాహ్నమంతా కూర్చోగలనా అని డౌటు. వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అసలు దేన్ని చూడాలి? ఎప్పటికి చేరుకోవాలి? సూటు వేసుకోవాలా?

డస్సెల్‌డార్ఫ్_దోసె · 26 జూన్ 2023

సూటా? తమ్ముడూ, ఆ తంటాలు వీఐపీ టెంట్లలో కూర్చునేవాళ్లకి. మిగతా జనమంతా జీన్స్, పాత బూట్లు, నడుముకి చుట్టుకున్న రెయిన్ జాకెట్. ఆఖెన్ వాన గురించి నీకు నేను చెప్పాలా? నీ స్టాండుకి పైకప్పు ఉందో లేదో టికెట్ మీద చూసుకో. లేకపోతే గొడుగు మాత్రం తీసుకెళ్లకు, వెనకాల కూర్చున్న పెద్దాయన జర్మన్‌లో శపిస్తాడు. రెయిన్‌కోటే దిక్కు.

తిండి సంగతి. రైబెకూఖెన్ అని ఆలుగడ్డ అట్లు దొరుకుతాయి, పక్కన యాపిల్ గుజ్జు పోసిస్తారు. శాకాహారులకి ఫ్రైస్ తర్వాత అదే. మొదట మనసొప్పదు, తిన్నాక మాట్లాడు. లోపల రేట్లు మండిపోతుంటాయి, కడుపు కాస్త నింపుకొనే వెళ్లు.

ఆట గురించి నన్నడక్కు. నేను వెళ్లింది ఆఫీసువాళ్లు తీసుకెళ్తే. దానికి రాజమండ్రి అక్క ఉంది, పిలుద్దాం.

రైన్_ఒడ్డున_రాజమండ్రి · 26 జూన్ 2023

పిలవక్కర్లేదు, వచ్చేశాను. మా అమ్మాయి చిన్నప్పటినుంచి రైడింగ్ నేర్చుకుంటోంది. దాని వెంట తిరిగి తిరిగి నాకూ ఈ పిచ్చి పట్టింది.

బాబూ, నీకు దొరికిన టికెట్ మామూలుది కాదు. ఆ క్లబ్బు 1898లో పెట్టారు, టోర్నమెంటు 1924 నుంచి నడుస్తోంది. స్టేడియంలో 40 వేలమంది పడతారు. ఆఖెన్, జెనీవా, కాల్గరీ దగ్గర స్ప్రూస్ మెడోస్, నెదర్లాండ్స్‌లో డచ్ మాస్టర్స్ కలిపి గ్రాండ్ స్లామ్ అంటారు. 2014-15లో స్కాట్ బ్రాష్ అనే స్కాట్లాండ్ రైడర్ హలో సాంక్టోస్ అనే గుర్రం మీద జెనీవా, ఆఖెన్, కాల్గరీ వరసగా గెలిచి పది లక్షల యూరోల బోనస్ పట్టుకెళ్లాడు (అప్పటికి డచ్ మాస్టర్స్ ఇందులో లేదు). ఆదివారం నువ్వు చూడబోయే పోటీకి మొత్తం బహుమతి 15 లక్షల యూరోలు, గెలిచినవాళ్లకి 5 లక్షలు.

రూల్సు కష్టమేమీ కాదు. అడ్డంకి మీది కర్ర (బార్) పడితే 4 ఫాల్టులు, అంటే తప్పు పాయింట్లు. గుర్రం మొరాయించి ఆగిపోతే ఇంకో 4, రెండోసారి ఆగితే బయటికి. కింద పడినా బయటికే. గడువు దాటితే దానికీ పెనాల్టీ ఉంది. మొదటి రౌండులో 40 మంది దాకా వస్తారు, వాళ్లలోంచి 18 మంది రెండో రౌండుకి వెళ్తారు. రెండింటిలోనూ ఏమీ పడగొట్టనివాళ్లు ఒకరికి మించి ఉంటే జంప్-ఆఫ్, అంటే విజేతని తేల్చే చివరి రౌండు. అప్పుడు మాత్రం గడియారమే దేవుడు.

ఇక దేన్ని చూడాలంటే, దూకడాన్ని చూడకు! దూకడం చివర్లో జరిగేది. అసలు ఆట రెండు అడ్డంకుల మధ్య ఖాళీ గడ్డిలో ఉంది. అది అర్థం కావాలంటే గంట ముందే వెళ్లి కోర్స్ వాక్ చూడు. రైడర్లందరూ తెల్ల ప్యాంట్లు, పొడుగు బూట్లతో నడుచుకుంటూ మైదానంలోకి వస్తారు. ఒక అడ్డంకికి వీపు ఆనించినట్టు నిలబడి, అక్కణ్నుంచి తర్వాతి దాని దాకా ఒకే కొలతలో అడుగులేస్తారు. ఫాస్ట్ బౌలర్ రనప్ కొలుచుకున్నట్టే. మనిషి అడుగు 90 సెంటీమీటర్లు అనుకో, నాలుగు అడుగులకి గుర్రం అంగ ఒకటి. మొదటి రెండడుగులు గుర్రం కాలు దించే చోటుకి, చివరి రెండడుగులు పైకి లేచే చోటుకి తీసేస్తారు, మధ్యలో మిగిలినవే అంగలు. 18 మీటర్ల దూరం ఉంటే నాలుగు అంగలన్నమాట.

కోర్సు (అడ్డంకుల వరస) వేసే ఆయన ఇక్కడే మెలిక పెడతాడు. ఆఖెన్‌లో చాలా ఏళ్లుగా ఆ పని ఫ్రాంక్ రోటెన్‌బెర్గర్‌ది. సరిగ్గా నాలుగంగలు పట్టేలా కాకుండా నాలుగున్నరకి పెడతాడు. ఇప్పుడు రైడర్ తేల్చుకోవాలి. పొడుగ్గా సాగదీసి నాలుగులో వెళ్లాలా, కుదించి ఐదులో వెళ్లాలా? ఒకరి గుర్రానికి నాలుగు సులువు, ఇంకొకరి గుర్రానికి ఐదు. నువ్వు కూర్చున్న చోటి నుంచి అంగలు లెక్కపెట్టు, చాలు. పది గుర్రాలు వెళ్లాక ఎవరికి బార్ పడబోతోందో ముందే తెలుస్తుంది.

మలక్‌పేట్_డెర్బీ · 27 జూన్ 2023

నేను ముప్ఫై ఏళ్లు మలక్‌పేట రేసులు చూసినవాణ్ని. గుర్రం అంటే మాకు ముక్కు ముందుకి పెట్టి గీత దాటడం. ఈ దూకుడాటలో పంటర్లకి ఏం మజా? బుకీలు ఎక్కడ నిలబడతారు?

రైన్_ఒడ్డున_రాజమండ్రి · 27 జూన్ 2023

బుకీలు లేరు అంకుల్. స్టేడియంలో పందేల కౌంటరే ఉండదు. జేబు భద్రం.

బాపట్ల_పశువుల_డాక్టర్ · 27 జూన్ 2023

డెర్బీ గారూ, మీరు చూసే గుర్రాలూ ఇవీ ఒక జాతివి కావు. రేసుల్లో థరోబ్రెడ్లు. మూడు నాలుగేళ్లకే వాటి పేరు మోగుతుంది. ఇక్కడ వచ్చేవి వార్మ్‌బ్లడ్లు. హోల్‌స్టైనర్, హనోవర్, ఓల్డెన్‌బర్గ్, ఫ్రెంచి సెల్ ఫ్రాన్సే, డచ్చివాళ్ల కెడబ్ల్యూపీఎన్. వీటిలో పెద్ద పోటీలకి వచ్చేవి చాలావరకు పదేళ్లు దాటినవి. తయారు చేయడానికే అన్నేళ్లు పడుతుంది. రైడర్లూ అంతే. బ్రిటన్ రైడర్ నిక్ స్కెల్టన్ రియో ఒలింపిక్స్‌లో 58 ఏళ్లకి బంగారు పతకం కొట్టాడు, అదీ 2000లో మెడ ఎముక విరిగిన మనిషి. కెనడాకి చెందిన ఇయాన్ మిల్లర్ పది ఒలింపిక్స్ ఆడాడు. ఆడవాళ్లూ మగవాళ్లూ వేర్వేరుగా కాదు, ఒకే పోటీ.

కుర్రాడికి ఇంకో రెండు మాటలు. గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి సరిగ్గా ముక్కు ముందున్నది దానికి కనపడదు. పైకి లేచే క్షణంలో ఆ అడ్డంకి దాని చూపులోంచి పోయినట్టే, అప్పటిదాకా చూసిన గుర్తుతోనూ రైడర్ మీద నమ్మకంతోనూ లేస్తుంది. అందుకే దగ్గరికొచ్చేటప్పుడు తలెత్తి, చెవులు రెండూ ముందుకి నిక్కబొడిచి చూస్తుంది. ఆ తల స్వేచ్ఛగా కదలనిస్తున్నాడా, కళ్లెం పట్టి లాగేస్తున్నాడా చూడు. మంచి రైడర్‌కీ మామూలు రైడర్‌కీ తేడా అక్కడే.

రెండోది, కాలు దించడం. అంతెత్తు నుంచి దిగేటప్పుడు బరువంతా మొదట ముందు కాలి మీద పడుతుంది, టెండన్లూ లిగమెంట్లూ దెబ్బతినేది అప్పుడే. నేనైతే బార్ పడిందా లేదా అన్నది తర్వాత చూస్తాను.

పచ్చిక · 28 జూన్ 2023

అందరూ ముచ్చటగా చెప్పుకుంటున్నారు కానీ, గుర్రం తనంతట తాను ఒకటిన్నర మీటరు కర్రల మీంచి దూకుతుందా? టోక్యోలో 2021లో ఏమైందో చూశాం కదా. గుర్రం బెదిరి మొరాయిస్తుంటే ఏడుస్తూ కొరడాతో కొట్టింది ఆ రైడరు. ఇలాంటిదానికి టికెట్ కొని వెళ్లడం నాకు నచ్చదు. మీ ఇష్టం.

రైన్_ఒడ్డున_రాజమండ్రి · 28 జూన్ 2023

అది షో జంపింగ్ కాదమ్మా, మోడర్న్ పెంటాథ్లాన్, ఐదు ఆటలు కలిపిన పోటీ. అందులో ఎప్పుడూ ఎక్కని గుర్రాన్ని చీటీ తీసి ఇస్తారు, ఇరవై నిమిషాల్లో పరిచయం చేసుకుని పోటీకి దిగాలి. ఆ గొడవ తర్వాతే పారిస్ ఒలింపిక్స్ అయ్యాక ఆ ఆటలోంచి గుర్రపుస్వారీ తీసేయాలని నిర్ణయించారు. ఆఖెన్‌కి వచ్చే జంటలు ఏళ్ల తరబడి కలిసి ఉన్నవి.

పచ్చిక · 28 జూన్ 2023

ఏళ్ల తరబడి కలిసి ఉంటే కొట్టరా? కెమెరా లేనిచోట ఏం జరుగుతుందో మీకు తెలుసా?

బాపట్ల_పశువుల_డాక్టర్ · 28 జూన్ 2023

పచ్చిక గారి ప్రశ్న న్యాయమైనదే, తోసేయక్కర్లేదు. పెద్ద పోటీల్లో ముందు వెటర్నరీ చెక్ ఉంటుంది, గుర్రాన్ని ట్రాట్ అనే మెల్లని పరుగులో నడిపించి కుంటుతోందా చూస్తారు. డోపింగ్ పరీక్షలుంటాయి. పక్కల మీద స్పర్స్ (రైడర్ బూటు మడమకి ఉండే ముళ్లు) గుచ్చుకుని రక్తం కనిపిస్తే శిక్ష ఉంది. ఆక్సర్ అనే వెడల్పు అడ్డంకికి వెనక బార్ ఆనే కప్పులు, గుర్రం బరువు పడగానే ఊడిపోయేలా తయారుచేసినవి, అవి తప్పనిసరి. కానీ ఇవన్నీ మైదానంలో. ఇంట్లో సాధన చేయించేటప్పుడు కాపలా ఎవరూ ఉండరు, అది నిజం.

పోటీలో చనిపోయిన గుర్రాలూ ఉన్నాయి. హిక్‌స్టెడ్ అని, కెనడా రైడర్ ఎరిక్ లమేజ్‌కి బీజింగ్ ఒలింపిక్స్‌లో బంగారం తెచ్చింది, 2010లో ఇదే ఆఖెన్ గ్రాండ్ ప్రి కూడా గెలిచింది. 2011లో ఇటలీలోని వెరోనాలో రౌండు పూర్తిచేసి, అక్కడే మైదానంలో కుప్పకూలి చనిపోయింది. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం పగిలింది. అక్కడున్న రైడర్లు ఇక ఆడమన్నారు, పోటీ ఆపేశారు. ఎవరూ కొట్టలేదు, ఎవరి తప్పూ లేదు. అయినా ఆ వీడియో నేను రెండోసారి చూడలేకపోయాను.

డస్సెల్‌డార్ఫ్_దోసె · 28 జూన్ 2023

నాకు డబ్బు సంగతి అర్థం కాదు. ఒక్కో గుర్రానికి మిలియన్లు అంటారు. రైడర్లందరూ అంబానీలేనా?

రైన్_ఒడ్డున_రాజమండ్రి · 28 జూన్ 2023

చాలామందికి గుర్రం సొంతం కాదు. యజమాని ఒకరు, ఎక్కేది ఒకరు. యజమాని అమ్మేస్తే రైడర్ ఒక్క రాత్రిలో కాలినడకన మిగిలిపోతాడు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అన్నట్టు, గెలిచినా గెలవకపోయినా దాణా, నాడాలు, డాక్టరు, లారీ, గుర్రాన్ని చూసుకునే గ్రూముల జీతాలు తప్పవు. పోయినేడు ఇదే గ్రాండ్ ప్రి గెలిచిన గెరిట్ నీబెర్గ్‌ని గుర్రాలవాళ్లకి తప్ప బయట ఎక్కువమందికి తెలియదు. తండ్రి లార్స్ మాత్రం అట్లాంటాలోనూ సిడ్నీలోనూ జర్మనీ టీములో ఒలింపిక్ బంగారం కొట్టినవాడు. ఆ కుర్రాడు బెన్ అనే గుర్రం మీద స్కాట్ బ్రాష్‌ని దాటేసరికి స్టేడియం ఊగిపోయింది. నేను ఆరోజు అక్కడే ఉన్నాను, గొంతు పోయి సోమవారం ఆఫీసులో ఒక్క మాట మాట్లాడలేకపోయాను.

కుర్రాడూ, తెల్ల రుమాలు ఒకటి జేబులో పెట్టుకో. ఎందుకో అక్కడ తెలుస్తుంది.

నిర్వాహకుడు · 29 జూన్ 2023

టికెట్ అమ్ముతామంటూ ఇక్కడ పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. అమ్మకాలకి వేరే విభాగం ఉంది. చర్చ కొనసాగించండి.

కూకట్‌పల్లి_కుర్రాడు · 3 జూలై 2023

వెళ్లొచ్చాను. పొద్దున్నే రాద్దామనుకున్నా, కాస్త తేరుకోడానికి ఇంతసేపు పట్టింది.

బుస్‌హోఫ్ (ఊళ్లో బస్‌స్టాండు) నుంచి బస్సు ఎక్కితే లోపల మొత్తం ఇలాంటి జనమే. పెద్దవాళ్లు, పోనీటెయిల్ వేసుకున్న చిన్నపిల్లలు, మడత కుర్చీతో ఒక తాతయ్య. తివోలి ఫుట్‌బాల్ స్టేడియం పక్కనుంచి నడిస్తే గేటు. టికెట్ చూపించి లోపలికి వెళ్లాక మొదటి గంట తప్పిపోయినట్టే తిరిగాను. జీన్లు, బూట్లు, కళ్లేలు, గుర్రం బొమ్మ ఉన్న ప్రతి వస్తువూ అమ్ముతున్నారు. ప్రింటెన్ బిస్కెట్లు కూడా గుర్రం ఆకారంలో. దోసె అన్నా, ఆలుగడ్డ అట్టు తిన్నాను. యాపిల్ గుజ్జు సంగతి ఇంకా ఒప్పుకోను.

అక్క చెప్పినట్టు ముందు వార్మప్ గ్రౌండు వెతుక్కుంటూ వెళ్లాను. కంచె దగ్గర నిలబడొచ్చు. మైదానంలో కంటే నాకు ఇక్కడే ఎక్కువ నచ్చింది. గుర్రం నాలుగైదు అడుగుల దూరంలోంచి పోతుంటే నేల కాళ్ల కింద కదులుతుంది, ముక్కుపుటాల్లోంచి ప్రతి అంగకీ ఒకే తాళంలో ఊపిరి వినపడుతుంది. అంత పెద్ద ప్రాణి అని టీవీలో తెలియదు. మధ్యలో ఒక్కటే అడ్డంకి పెట్టి, ఎవరి మనిషి వాళ్లకి దాన్ని ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. ఒకమ్మాయి, గ్రూమ్ అనుకుంటా, రైడర్ దిగగానే గుర్రం నోటి నురగ గుడ్డతో తుడిచి, నాడా కింద ఇరుక్కున్న గడ్డి వేలితో తీసి, జేబులోంచి ఏదో తీసి పెట్టింది. రైడర్ ఫోన్ చూసుకుంటున్నాడు. గుర్రం చూపు మాత్రం ఆ అమ్మాయి జేబు మీదే.

కోర్స్ వాక్ చూశాను. ఒక పెద్దాయన, పక్కన కొడుకో శిష్యుడో, ఒకే దూరాన్ని ఇద్దరూ రెండు రకాలుగా కొలుస్తున్నారు. ఒకాయన వెనక్కి వచ్చి మళ్లీ నడిచాడు. పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను చూసి "మొదటిసారా?" అని అడిగి, తన ప్రోగ్రామ్ పుస్తకం నా ఒళ్లో పెట్టి, పెన్సిలు కూడా ఇచ్చింది. ప్రతి గుర్రానికీ పక్కన ఎన్ని ఫాల్టులో రాసుకుంటూ పోవాలట. ఆవిడకి ప్రతి గుర్రం తండ్రి పేరూ తాత పేరూ నోటికొచ్చు.

గంట కొడతారు. 45 సెకన్లలో రైడర్ మొదలుపెట్టాలి. అప్పటిదాకా గోలగా ఉన్న జనం ఒక్కసారిగా గప్‌చుప్. బార్ పడగానే స్టేడియం అంతటా ఒకేసారి "ఓ..." అని ఒక మూలుగు. నేనూ ఐదో గుర్రం నుంచి మూలిగాను. అంగలు లెక్కపెట్టడం మొదలుపెట్టాక నిజంగానే ఆట మారిపోయింది. ఒక చోట అందరూ ఆరులో వెళ్తుంటే ఒకరు ఐదులో వెళ్లారు, తర్వాతి దానికి మరీ దగ్గరికి వచ్చేసి ముందు బార్ ఎగిరిపోయింది. పడబోతోందని ముందే తెలిసిపోయింది. గుండె ఝల్లుమంది.

నీళ్ల అడ్డంకి దగ్గర ఇంకో విచిత్రం. దాటవలసిన అంచున తెల్ల పట్టీ, దాని మీద మెత్తటి మైనం లాంటి పూత. గుర్రం గిట్ట ఆనితే ముద్ర పడుతుంది. అక్కడే కూర్చున్న జడ్జి జెండా ఎత్తితే 4 ఫాల్టులు. ఒకసారి జెండా లేచింది, రైడర్ వెనక్కి తిరిగి చూసి చేతులు చాపాడు. పనివాడొకడు వచ్చి వంగి, ఆ ముద్రని కరణీతో సాఫు చేసి వెళ్లాడు. అంతటి గుర్రం, అంత దూకు, తేల్చింది మాత్రం అరచేతి వెడల్పు లేని గుర్తు.

చివరికి గెలిచింది మార్కస్ ఏనింగ్, స్టార్‌గోల్డ్ మీద. పక్కావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. 2018లో కూడా ఆయనే ప్రెట్ ఆ టూ మీద గెలిచాడట. ఆయన ఎక్కితే నాలాంటివాడికి కూడా తేడా తెలుస్తుంది. చేతులు కదిలినట్టే ఉండవు, గుర్రం తనంతట తానే దారి కనుక్కుంటున్నట్టుంటుంది. డాక్టర్ గారూ, మీరు చెప్పిన తల స్వేచ్ఛ అంటే ఇదేనా?

ఆఖర్న అన్ని దేశాల రైడర్లూ, బండ్లు తోలేవాళ్లూ అందరూ లోపలికొచ్చి చుట్టూ తిరుగుతుంటే, బ్యాండు వీడ్కోలు పాట వాయిస్తుంటే, స్టాండ్లన్నీ తెల్ల రుమాళ్లతో నిండిపోయాయి. అక్కా, థాంక్స్. నా దగ్గరున్నది నీలం రుమాలు, అదే ఊపాను. ఎవరూ ఏమనలేదు.

పచ్చిక గారు అన్నది కూడా బుర్రలో తిరుగుతూనే ఉంది. వార్మప్‌లో ఒకరు కళ్లెం పట్టి మరీ గుంజుతుంటే నాకే నోరు నొప్పెట్టినట్టు అనిపించింది. ఒక అధికారి దగ్గరికి వెళ్లి ఏదో చెప్పాడు, తర్వాత ఆపారు. ఏం చెప్పాడో వినపడలేదు.

బాపట్ల_పశువుల_డాక్టర్ · 3 జూలై 2023

అదే బాబూ. వార్మప్‌లో స్టీవార్డులు ఉండేది అందుకే. కంచె దగ్గర నీలాంటివాళ్లు ఎంతమంది నిలబడి చూస్తుంటే అంత మంచిది.

మలక్‌పేట్_డెర్బీ · 4 జూలై 2023

బుకీలు లేకుండా 40 వేలమంది! నమ్మలేకపోతున్నాను. కానీ నువ్వు రాసింది చదివి రాత్రి ఆ రౌండు వీడియో పెట్టుకుని అంగలు లెక్కపెట్టాను. మా ఆవిడ ఏం చేస్తున్నావంది. చెప్తే నవ్వింది.

మలక్‌పేట్_డెర్బీ · 27 సెప్టెంబర్ 2023

పాత చర్చ పైకి తెస్తున్నందుకు క్షమించాలి. నిన్న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన టీముకి డ్రెసాజ్‌లో (గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీ) బంగారం! అనుష్ అగర్వాలా, హృదయ్ ఛెడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా. గుర్రపుస్వారీలో బంగారం 1982 ఢిల్లీ తర్వాత ఇదే, 41 ఏళ్లకి. ఇది దూకే ఆట కాదని తెలుసు. అయినా ఎక్కడ చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నా.

రైన్_ఒడ్డున_రాజమండ్రి · 27 సెప్టెంబర్ 2023

సరైన చోటే రాశారు అంకుల్. అనుష్ శిక్షణ ఇక్కడే జర్మనీలో. టోక్యోలో ఈవెంటింగ్ (డ్రెసాజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ కలిపిన పోటీ) ఆడిన ఫవాద్ మీర్జా కూడా ఈ దేశంలోనే తయారయ్యాడు. జంపింగ్‌లో మాత్రం మనవాళ్లు ఒలింపిక్స్ దాకా రాలేదు. గుర్రాన్ని ఇండియా నుంచి ఇక్కడికి తెచ్చి, క్వారంటైన్‌లో పెట్టి, మళ్లీ తీసుకెళ్లడం ఆషామాషీ వ్యవహారం కాదు. అందుకే ఆశ ఉన్నవాళ్లు మనుషులే ఇక్కడికి వచ్చేస్తారు.

పచ్చిక · 25 జూలై 2024

కెమెరా లేనిచోట ఏం జరుగుతుందో అని అప్పుడు అడిగాను. బ్రిటన్ డ్రెసాజ్ రైడర్ షార్లెట్ డుజార్డిన్ వీడియో చూశారా? పాఠం చెప్తూ గుర్రం కాళ్ల మీద కొరడాతో మళ్లీ మళ్లీ కొట్టింది. పారిస్ ఒలింపిక్స్ నుంచి తప్పుకుంది. ఒలింపిక్ పతకాలు ఆరు ఉన్న మనిషి.

రైన్_ఒడ్డున_రాజమండ్రి · 25 జూలై 2024

చూశాను. మా అమ్మాయి గోడ మీద ఆవిడ పోస్టరు ఉండేది. తీసేసింది.

కూకట్‌పల్లి_కుర్రాడు · 12 అక్టోబర్ 2025

అక్కా, ఇప్పుడు ఉద్యోగం కొలోన్‌లో. వచ్చే ఆగస్టులో అమ్మానాన్నలు వస్తున్నారు. 2026 ప్రపంచ చాంపియన్‌షిప్ ఆఖెన్‌లోనే కదా, ఆగస్టు 11 నుంచి 23 దాకా. ఒక్క రోజుకి తీసుకెళ్లాలంటే ఏది? నాన్నకి మోకాళ్ల నొప్పులు. అమ్మకి గుర్రాల మీద ఏ ఆసక్తీ లేదు, కానీ పిలిస్తే ఎక్కడికైనా వస్తుంది.

రైన్_ఒడ్డున_రాజమండ్రి · 12 అక్టోబర్ 2025

జంపింగ్ ఒక్క రోజుతో తేలదు. మొదటి రోజు స్పీడ్ రౌండు, అక్కడ బార్ పడితే ఫాల్టులకి బదులు సెకన్లు కలుపుతారు. తర్వాత టీము పతకం, చివర్లో వ్యక్తిగత ఫైనల్. మొదటిసారి చూసేవాళ్లకి టీము పోటీ బాగుంటుంది. దేశానికి నలుగురు ఎక్కుతారు, మంచి స్కోర్లు మూడే లెక్క, ఒకరిది పోయినా పరవాలేదు. నాలుగో మనిషి వచ్చేసరికి వాడి మీద ఎంత భారం ఉందో అమ్మకి కూడా వివరించక్కర్లేకుండా అర్థమవుతుంది. జెండాలు, అరుపులు, ఎవరి పక్షం వహించాలో తెలుస్తుంది.

2006లో ఇదే ఊళ్లో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు ఫైనల్ పద్ధతి వేరు. చివరి నలుగురూ గుర్రాలు మార్చుకుని, ఒకరి గుర్రం మీద ఒకరు ఎక్కాలి. బెల్జియం రైడర్ యోస్ లాన్సింక్ గెలిచాడు. చూడ్డానికి అంత మజా ఇంకోటి లేదు కానీ గుర్రాలకి అది చాలా ఎక్కువ పని, ఒకే రోజు అన్నిసార్లు. 2018 నుంచి తీసేశారు. పచ్చిక గారు కూడా ఒప్పుకునే మార్పు అది.

నాన్నగారికి నిలబడే టికెట్లు వద్దు, పైకప్పున్న స్టాండులో, మెట్లు తక్కువ ఎక్కే వరస చూసి కొను. మంచి సీట్లు ముందే అయిపోతాయి, టికెట్ల సైటులో ఇవాళే చూడు. కొలోన్ నుంచి ఆర్‌ఈ1 గానీ ఆర్‌ఈ9 గానీ ఎక్కితే గంటలోపే ఆఖెన్. తిరుగు ప్రయాణంలో రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, ఒక బండి వదిలేసి తర్వాతది ఎక్కండి.

డస్సెల్‌డార్ఫ్_దోసె · 13 అక్టోబర్ 2025

అమ్మ వస్తోందంటే పులిహోర డబ్బా వస్తుంది. గేటు దగ్గర సంచుల సైజు మీద రూలు ఉంటుంది, ముందు చూసుకో. అమ్మ చేతి పులిహోర సెక్యూరిటీ వాళ్లకి వదిలేసి రావడం నేను సహించలేను.

కూకట్‌పల్లి_కుర్రాడు · 13 అక్టోబర్ 2025

టీము ఫైనల్‌కి మూడు సీట్లు బుక్ చేశాను, పైకప్పుతో. డెర్బీ అంకుల్, మీరూ వీసా పెట్టుకోండి.

మలక్‌పేట్_డెర్బీ · 13 అక్టోబర్ 2025

పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చాను.